మైక్ కూత ఆపడానికి ఏది మేలు: ఈక్వలైజరా, సప్రెసరా, ఉన్నవి సర్దుకోవడమా?

ఫంక్షన్ హాల్లోనో గుడి మంటపంలోనో మైక్ కుయ్‌మంటోంది, 31 బ్యాండ్ల ఈక్వలైజర్ (శబ్దాన్ని 31 ఫ్రీక్వెన్సీ భాగాలుగా చేసి దేనికదే పెంచుకునే, తగ్గించుకునే పెట్టె) కొనాలా, ఆటోమేటిక్ సప్రెసర్ (కూతను తనే పసిగట్టి తగ్గించే పెట్టె) కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. రెండింటికంటే ముందు మైక్ ఎక్కడుంది, బాక్సులు (స్పీకర్లు) ఎక్కడున్నాయి అన్నది చూడమంటాను.

స్పీకర్ నుంచి మైక్‌లోకి తిరిగొచ్చే శబ్దం చుట్టు చుట్టుకీ తగ్గకపోతేనే కూత పుడుతుంది. నోటికి అడుగు దూరంలో ఉన్న మైక్‌ని అరడుగుకు తెస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. స్పీకర్ నుంచి వచ్చేది మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అంటే గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే మోతాదు) 6 డెసిబెల్స్ తగ్గించినా జనానికి మాట అంతే వినిపిస్తుంది. జనానికి వినిపించే బాక్సులు మైక్ కంటే ముందుకి, జనం వైపు ఉండాలి, మాట్లాడేవాళ్ల వెనక కాదు. కార్డియాయిడ్ మైక్ (ముందు నుంచి ఎక్కువగా, సరిగ్గా వెనక నుంచి అతి తక్కువగా వినేది) అయితే మానిటర్ (వేదిక మీదివాళ్లకి వినిపించే స్పీకర్) సరిగ్గా ఆ మైక్ తోక వైపు ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్ (ముందు ఇంకా ఇరుకుగా, వెనక నుంచి కొంచెం వినేది) అయితే కాస్త పక్కకి, మైక్ ముందు వైపు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర. మైక్ తల మీది జాలీని గుప్పిట్లో పట్టుకుంటే ఈ లెక్కలన్నీ పోతాయి (మన వక్తలకి అదో అలవాటు). వాడని మైకులు మూసేయండి. ఒకటి చాలినచోట నాలుగు తెరిచి ఉంచితే, కూత రాకుండా పెంచగలిగే శబ్దంలో మరో 6 డెసిబెల్స్ పోయినట్టే.

ఇదంతా అయ్యాక ఈక్వలైజర్. ముందుగా కూసే ఒకటి రెండు ఫ్రీక్వెన్సీలను కాస్త తగ్గిస్తే బాగానే పనిచేస్తుంది. ఐదారు బ్యాండ్లు కోసేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పైగా మైక్ పట్టుకుని నడిస్తే కూసే ఫ్రీక్వెన్సీ మారిపోతుంది.

సప్రెసర్ ఉపన్యాసాలకి పర్వాలేదు. వేణువు, నాదస్వరం సాగదీసిన స్వరాన్ని కూతనుకుని కోసేసే ప్రమాదం ఉంది. ఫ్రీక్వెన్సీని ఐదు హెర్ట్జ్‌లు జరిపే పెట్టెలూ ఉన్నాయి, మాటకి సరే, పాటకి శ్రుతి చెడుతుంది.

ఇంకో ప్రశ్న కూడా తరచూ వస్తోంది: చిన్న చప్పుడు తనంతట తానే పెరిగి హాలంతా మోగుతోందంటే అది ఫ్రీ ఎనర్జీయే కదా? కాదు. ఆ పవరంతా ఆంప్లిఫయర్ ప్లగ్గులోంచి వస్తోంది. కూత కొంతదూరం పెరిగి ఆగేది కూడా ఆంప్లిఫయర్ ఇవ్వగలిగింది అక్కడితో అయిపోవడం వల్లే. దాన్ని ఆపేస్తే హాలు ఎంత ప్రతిధ్వనించేదైనా కూత చచ్చిపోతుంది. రెజొనెన్స్ (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం బలపడటం) ఉన్న శక్తిని పోగు చేస్తుంది తప్ప కొత్తది పుట్టించదు.

సర్దడం అయ్యాక కూడా డబ్బు పెట్టాలనుంటే ఈక్వలైజర్‌కంటే ముందు మంచి డైరెక్షనల్ మైక్ (కార్డియాయిడ్ లాంటిది), స్టాండు కొనండి.