మూడు బేస్‌లు, ఒకే కుడి చెయ్యి

ప్రెసిషన్, జాజ్, స్టింగ్‌రే: ఇవి మూడు పేరున్న ఎలక్ట్రిక్ బేస్ గిటార్లు. బేస్ వాయించేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మూడింటి మీద వాదన రాక మానదు. నా దగ్గర ఇప్పుడు మూడూ ఉన్నాయి. మూడూ నాలుగు తీగలవే, మూడూ 34 అంగుళాల స్కేలువే (మోగే తీగ పొడవు). ఒకే యాంప్‌కి కలిపి, దాని నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి, ఒకే మందం (45–105) ఉన్న రౌండ్‌వౌండ్ తీగలు, అంటే పైన గుండ్రటి లోహపు తీగ చుట్టిన గరుకు తీగలు వేసి, అవే పాటలు మూడింటి మీదా చాలాకాలంగా వాయిస్తున్నాను. నాకు తేలిందేమిటంటే, కుడి చెయ్యి ఎక్కడ ఉందో చెప్పకుండా బేస్‌లని పోల్చి లాభం లేదు. చెక్క ఏదన్నది, పికప్ (తీగ కదలికని పట్టి యాంప్‌కి పంపే భాగం) ఏ కాలం నాటిదన్నది తర్వాతి సంగతులు. చెయ్యి అంగుళం అటూ ఇటూ జరిపితే బేస్ ఏం చేస్తుందో చూడండి, మూడింటి తేడా అక్కడ బయటపడుతుంది.

ముందు నా చేతుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయాలకి అవే ఆధారం. నా వేళ్లు పొట్టివి. 34 అంగుళాల స్కేలు మీద 1వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీ) నుంచి 4వ ఫ్రెట్‌కి దాదాపు 13 సెంటీమీటర్లు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీద అదే దూరం 10 సెంటీమీటర్ల లోపే. నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర వేలికో ఫ్రెట్ చొప్పున నాలుగు ఫ్రెట్లు పరచి పట్టుకుంటే నా మణికట్టు ఒక పాట పూర్తయ్యేసరికి లాగేస్తుంది. అందుకే 5వ ఫ్రెట్ దాకా డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) వాళ్ల పద్ధతిలో వెళ్తాను: చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు కలిసి మూడు ఫ్రెట్లే చూసుకుంటాయి, ఉంగరపువేలు చిటికెనవేలికి బలంగా పక్కన దిగుతుంది. డబుల్ బేస్ గురువు ఫ్రాంజ్ సిమాండల్ పాఠాల ద్వారా స్థిరపడిన పద్ధతి ఇది, పెద్ద చేతులున్నవాళ్లు కూడా హాయిగా వాడుకోవచ్చు. బాడీ వైపు వెళ్లాక ఫ్రెట్లు దగ్గరపడతాయి, అక్కడ వేలికో ఫ్రెట్ ఏ ఇబ్బందీ ఉండదు. నేను ఎప్పుడూ నిలబడే వాయిస్తాను. కూర్చున్నప్పుడు బేస్ ఏ ఎత్తులో ఉంటుందో నిలబడినా అదే ఎత్తులో ఉండేలా స్ట్రాప్ బిగిస్తాను.

ప్రెసిషన్‌తో మొదలుపెడతాను. 1951లో వచ్చింది. ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్ 1957 నుంచి. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతకుమించి తిప్పడానికి ఏమీ లేదు. పికప్ కూడా చోటు మార్చుకోదు కాబట్టి తేడా తేవాలంటే చెయ్యే కదలాలి. నెక్ చివర దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా వస్తుంది. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ముగిసే చోటు) వైపు వెళ్తే బిగుసుకుంటుంది, మొన తేలుతుంది. అయినా దాని గొంతు మాత్రం మారదు. నెక్ దగ్గర మీటినా బ్రిడ్జ్ దగ్గర మీటినా వినగానే ప్రెసిషన్ అని చెప్పేయొచ్చు. దీన్ని లోటుగా చెప్పేవాళ్లున్నారు. బ్యాండ్‌లో వాయించేవాళ్లకి ఇదే కొండంత అండ. మా బ్యాండ్‌లో గిటార్ బాగా గోల చేస్తుంది, కీబోర్డ్ వాయించే ఆవిడ ఎడమచెయ్యి కూడా ఖాళీగా ఉంచదు. ఆ మధ్యలో ప్రెసిషన్ ఒక్కటే తన చోటు తాను తీసుకుని కూర్చుంటుంది. సౌండ్ చెక్ సమయంలో మా డ్రమ్మర్ చెప్పిన మాట నాకు గుర్తు: "కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కలిసిపోయింది, ఇక దేన్నీ ముట్టుకోకు."

దీనికి కారణం చెవి పనితీరులో ఉంది. బేస్ అన్నిటికన్నా మందపు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. చిన్న స్పీకర్లు ఆ శబ్దాన్ని దాదాపు వినిపించలేవు. మనం వినేది ఎక్కువగా దాని పైన పుట్టే హార్మోనిక్స్‌ని, వాటి నుంచి అడుగు స్వరాన్ని చెవే కట్టుకుంటుంది. ప్రెసిషన్ పికప్ కూర్చున్న చోట ఈ నడిమి శబ్దాలు దండిగా దొరుకుతాయి. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటున్నప్పుడు అవి కొంచెం మొరటుగా, ముక్కుతో పాడినట్టు అనిపిస్తాయి. పదిమందితో కలిశాక బేస్‌ని వినిపించేది అవే.

జేమ్స్ జేమర్సన్ అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో ఎక్కువగా వాయించింది 1962 ప్రెసిషన్ మీదే. మందపు ఫ్లాట్‌వౌండ్ తీగలు (చదునైన రేకు చుట్టిన నున్నటివి), వాటిని తరచూ మార్చే అలవాటు లేదు, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ ఒక్క వేలితో అంత చురుకైన లైన్లు ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే మీరూ ఒక వేలితో ప్రయత్నించండి. ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది. సన్నటి తీగ నుంచి మందపు తీగకి దాటుతున్నప్పుడు వేలు పక్క తీగ మీద ఆగి, అక్కడినుంచే తర్వాతి స్వరాన్ని లాగుతుంది. రేకింగ్ అనే ఈ కిటుకు రెండు వేళ్లతో వాయించేవాళ్లకీ అంతే పనికొస్తుంది. మందపు తీగ వైపు వస్తున్నప్పుడు వేళ్లు మార్చకుండా అదే వేలిని జార్చండి. చెయ్యి అలిసిపోదు, లయ తడబడదు. కరోల్ కేయ్ ఇదే రకం బేస్‌ని పిక్‌తో వాయించి, తీగల మీద ఫెల్ట్ ముక్క పెట్టి ఎన్నో రికార్డింగులు చేశారు. స్టీవ్ హారిస్ దీని మీదే వేళ్లతో గుర్రపు పరుగులాంటి లయ తీస్తారు. ముగ్గురి చేతులూ వేరు, ముగ్గురి శబ్దాలూ వేరు. బేస్ మాత్రం ఒకే జాతిది.

ప్రెసిషన్‌తో నా ఇబ్బంది నెక్ వెడల్పు. నట్ దగ్గర సాధారణంగా 41 నుంచి 44 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. జాజ్ బేస్‌కి 38. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది కానీ, రెండు గంటలు నిలబడి వాయించాక నాలాంటి చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక జాజ్ బేస్. 1960లో వచ్చింది, రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు, సన్నటి నెక్. చెయ్యి కదిపితే మాట మార్చే బేస్ ఇది, నాకున్న మూడింటిలో నేను ఎక్కువ నేర్చుకున్నది దీని మీదే. బొటనవేలు నెక్ వైపు పికప్ మీద ఆనించి మీటితే నిండుగా పలుకుతుంది. అక్కడినుంచి బ్రిడ్జ్ వైపు పికప్ మీదికి వచ్చి, ఆ పికప్ ఒక్కటే తెరిచి మీటితే శబ్దం సన్నబడి, ప్రతి స్వరం ఒక మాటలా విడివిడిగా వినిపిస్తుంది. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన జాజ్ బేస్ మీద పాడించింది ఈ చోటునుంచే. అక్కడ తీగ గట్టిగా ఉంటుంది, వేలు కొన మాత్రమే తగలాలి, బలం తక్కువ పెట్టాలి. చాలామంది అక్కడికి వెళ్లగానే ఇంకా గట్టిగా లాగుతారు, దాంతో స్వరం చిట్లిపోతుంది. యాంప్ వాల్యూమ్ కొంచెం పెంచండి, వేలి బలం తగ్గించండి.

జాజ్ బేస్ మీద ఒక విషయం తెలుసుకుని తీరాలి. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే మోత) పోతుంది, కానీ రెండు పికప్‌లూ తీగని వేర్వేరు చోట్ల వింటాయి కాబట్టి నడిమి శబ్దాల్లో కొన్ని ఒకదాన్నొకటి తినేస్తాయి. విడిగా వింటే ఆ శబ్దం ఎంతో ముద్దుగా ఉంటుంది, స్లాప్‌కి (తీగని బొటనవేలితో కొట్టే పద్ధతి) కూడా అద్భుతం, మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్ విన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. గోలగోలగా ఉండే బ్యాండ్‌లో వేళ్లతో వాయించినప్పుడు మాత్రం అదే శబ్దం వెనక్కి పోతుంది. బ్రిడ్జ్ పికప్‌ని కాస్త తగ్గించండి, నడిమి మళ్లీ లేస్తుంది. బదులుగా కొంచెం హమ్ తిరిగొస్తుంది. నేను ఆ హమ్‌ని భరిస్తాను. పాట మొదలయ్యాక దాన్ని ఎవరూ వినరు.

మ్యూటింగ్ (మోగకూడని తీగల్ని ఆపడం) గురించి ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే బేస్‌ల పోలికల్లో దీని ఊసే ఎవరూ ఎత్తరు. బేస్ వాయించడంలో స్వరం మొదలుపెట్టడం సగం పని, ఆపడం మిగతా సగం. మీటని తీగలు వాటంతట అవి మోగుతూ ఉంటాయి. జాజ్ బేస్‌లో, అందులోనూ కొత్త రౌండ్‌వౌండ్‌లు వేసిన రోజుల్లో, ఆ మోత స్పష్టంగా బయటికొస్తుంది. బొటనవేలిని ఎప్పుడూ పికప్ మీదే కదలకుండా ఉంచితే సన్నటి తీగల మీదికి వెళ్లినప్పుడు మందపు తీగలు రెండూ వదిలేసినట్టే. దానికి విరుగుడు, బొటనవేలిని చేతితోపాటు కదల్చడం. మందపు వైపు నుంచి లెక్కిస్తే మొదటి రెండు తీగలు వాయిస్తున్నప్పుడు బొటనవేలు పికప్ మీద ఉంటుంది. మూడో తీగకి వెళ్తే బొటనవేలు దిగి అన్నిటికన్నా మందపు తీగ మీద ఆనుతుంది. నాలుగో తీగకి వెళ్తే ఇంకో తీగ దిగి, పక్కకి వాలి రెండింటినీ నొక్కి పెడుతుంది. మీటిన వేలు పక్క తీగ మీద వాలి ఆగుతుంది కాబట్టి అదీ మూగబోతుంది. ఎడమచేతిలో నొక్కే వేలి కొన పక్కనున్న మందపు తీగని తాకి, మిగతా వేళ్లు సన్నటి తీగల మీద తేలిగ్గా పరుచుకోవాలి. నొక్కకూడదు, తాకాలి. మొదట్లో చెయ్యి తికమకపడుతుంది. మెట్రోనోమ్‌ని నెమ్మదిగా పెట్టి, ఒక స్కేలుని ప్రతి స్వరం తర్వాత అంతే నిడివి నిశ్శబ్దంతో వాయించండి. ఆ నిశ్శబ్దంలో ఏ మోతా మిగలకూడదు. చెయ్యి తిరిగాక ఇది ఆలోచించకుండానే జరిగిపోతుంది, అప్పుడు జాజ్ బేస్ మీద ఘోస్ట్ నోట్లు (స్వరం వినపడని తేలికపాటి దెబ్బలు) తాళంలో గింజల్లా పడతాయి.

స్టింగ్‌రే 1976లో వచ్చింది, లియో ఫెండర్ ప్రెసిషన్, జాజ్ తయారుచేసిన తన పేరున్న కంపెనీని అమ్మేశాక. అంటే ఈ మూడింటి వెనకా ఆయన చెయ్యి ఉంది. ఆయనకి గిటార్ వాయించడం రాదన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. స్టింగ్‌రేలో పెద్ద హంబకర్ (హమ్‌ని రద్దుచేసే రెండు చుట్టల పికప్) ఒకటి, లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, అడుగుని, మొనని పెంచుకునే నాబ్‌లు. వాయించనప్పుడు కేబుల్ తీసేయాలి. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

ఇది మన వేళ్ల నిజం బయటపెడుతుంది. చూపుడువేలు, నడిమివేలు ఒకే బరువుతో పడకపోతే ప్రెసిషన్ సర్దుకుపోతుంది, జాజ్ కొంచెం చూపిస్తుంది, స్టింగ్‌రే అందరికీ వినిపించేస్తుంది. పైగా పికప్ బ్రిడ్జ్‌కి దగ్గరగా ఉంది. బొటనవేలికి ఆధారం కోసం దాని మీద ఆనిస్తే చెయ్యి తనకి తెలియకుండానే బిగుతు చోటుకి చేరుతుంది. మెత్తటి పాట వాయించాలంటే బొటనవేలిని నెక్ చివర ఆనించాలి, లేదా తీగ మీదే ఉంచాలి. అది తెలిసినవాళ్లకి స్టింగ్‌రే మెత్తగానూ పలుకుతుంది. దీన్ని రణగొణ బేస్‌గా కొట్టిపారేసే మాట నేను ఒప్పుకోను.

స్లాప్‌కి మాత్రం మూడింటిలో ఇదే ముందుంటుంది. లూయిస్ జాన్సన్ బొటనవేలి దెబ్బలు విన్నవాళ్లకి ఆ సంగతి తెలుసు. ఆ పద్ధతికి దారి వేసిన లారీ గ్రాహమ్ డ్రమ్మర్ లేకుండా తల్లితో కలిసి వాయించే రోజుల్లో కిక్‌కి బదులు బొటనవేలితో కొట్టి, స్నేర్‌కి (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) బదులు చూపుడువేలితో లాగారు. స్లాప్ నేర్చుకునేవాళ్లు ఈ మూలాన్ని పట్టుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. దెబ్బ చివరి ఫ్రెట్ల మీద పడాలి. బలం ముంజేతి తిరుగుడు నుంచి రావాలి, బొటనవేలు తీగని తాకి వెంటనే వెనక్కి ఎగరాలి. పాప్ (తీగని వేలితో లాగి వదలడం) కోసం వేలు తీగ కిందికి లోతుగా వెళ్తే వేగం పోతుంది, గోరు దాటి రెండు మిల్లీమీటర్లు చాలు. తీగలు మరీ ఎత్తుగా ఉంటే ఇవేవీ కుదరవు.

ఎత్తు మాట వచ్చింది కాబట్టి, ఏ బేస్ మీదైనా తీర్పు ఇచ్చేముందు దాన్ని సెటప్ చేయించండి. 1వ ఫ్రెట్ దగ్గర, నెక్ బాడీని కలిసేచోట తీగని నొక్కి పట్టుకుని మధ్యలో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సన్నటి సందు ఉందో లేదో చూడండి. సందు లేకపోతే తీగలు గరగరమంటాయి, ఎక్కువైతే వేళ్లు నొప్పెడతాయి. అన్నిటికన్నా సన్నటి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒక్కో స్వరాన్నీ సాగదీసి వినండి. బోల్టులతో బిగించిన పొడవాటి నెక్‌లలో అక్కడ ఒక స్వరం త్వరగా చచ్చిపోవడం సాధారణం. ఎంత త్వరగా అన్నదే చూసుకోవాలి.

బ్యాండ్‌లో వాయించడానికి ఒక్క బేస్ చాలనుకునేవాళ్లకి ప్రెసిషన్ చెబుతాను, సందేహం లేకుండా. చేతులు చిన్నవైనా, కుడిచేతి పనితనం పెంచుకోవాలన్నా జాజ్. స్లాప్, పిక్ మీ పాటల్లో ఎక్కువగా ఉండి, వేళ్ల బరువు సమం చేసుకునే ఓపిక ఉంటే స్టింగ్‌రే. ఎంచుకునేటప్పుడు మీకు బాగా వచ్చిన లైన్ ఒకటి మొదట నెక్ చివర, తర్వాత పికప్ మీద, చివరగా బ్రిడ్జ్ పక్కన వాయించి చూడండి. మీరు ఎక్కువసేపు ఆగిపోయిన చోటు ఏ బేస్‌లో బాగా పలికితే అది తీసుకోండి. నేను ఈ పోలిక ముగించాక ప్రెసిషన్‌కి రౌండ్‌వౌండ్‌లు తీసేసి ఫ్లాట్‌వౌండ్‌లు వేశాను, అవి అలాగే ఉంటాయి. మిగతా రెండింటికీ కొత్త రౌండ్‌వౌండ్‌లే.