నా ఫోను తిరిగొచ్చింది: సంచార్ సాథీ సేవ గురించి

సంచి అడుగున నాలుగంగుళాల కోత. కత్తెర కోత కాదు, కొత్త బ్లేడు కోత. అంచున ఒక్క దారప్పోగు కూడా లేవలేదు. కుట్టు పక్కనే, లోపలి లైనింగు కూడా ఒకే గీతకు తెగేలా కోశారు. హనుమకొండలో పదకొండేళ్లుగా జాకెట్లు కుట్టి బతుకుతున్నదాన్ని, గుడ్డ మీద గీత చూస్తే ఆ చెయ్యి ఎంత అలవాటు పడిందో తెలుస్తుంది. 2025 శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతానికి మూడు రోజుల ముందు కిక్కిరిసిన బస్సు ఎక్కుతుండగా జరిగింది. సీటు దొరికాక టైము చూద్దామని సంచిలో చెయ్యి పెడితే వేళ్లు అడుగు నుంచి బయటికొచ్చాయి.

ఫోను ఖరీదు 14,500 రూపాయలు. దానికన్నా పెద్ద నష్టం అందులోని కొలతలు. అరవై మందికి పైగా ఆడవాళ్ల ఆది జాకెట్ల ఫోటోలు, మెడ లోతు, చంక చుట్టుకొలత, చేతి పొడవు, అన్నీ అందులోనే. వ్రతం ముందు రోజు వరకు ఒక్కొక్కరినీ పిలిచి మళ్లీ టేపు పెట్టాను.

పోలీస్ స్టేషన్‌లో నా సంచి చూపించాను. అక్కడి ఆయన మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, దొంగతనం అంటే కేసు, కోర్టు, తిరగలేరు. పోయిందని రాసివ్వండి, ఆన్‌లైన్‌లో పెడదాం" అన్నారు. రాసిచ్చాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్ ఉంది, నా సంచికి కోత ఉంది. అయినా "పోయింది" అని నా చేత్తో రాయగానే అది నా అజాగ్రత్త అయిపోయింది.

ఇక సేవ సంగతి. సంచార్ సాథీ కేంద్ర టెలికాం శాఖది, 2023 మేలో మొదలైంది. పోయిన ఫోన్లను ఆపే సీఈఐఆర్ విభాగం అందులో ఉంది. తెలంగాణలో పోలీసులు అంతకు ఒక నెల ముందు నుంచే సీఈఐఆర్ వాడుతున్నారు. రుసుము లేదు. ప్రతి ఫోనుకూ 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది, రెండు సిమ్‌ల ఫోనుకు రెండు ఉంటాయి. ఆ నంబరును దేశంలోని నెట్‌వర్క్‌లన్నిటిలో ఆపేస్తారు. ఆ తర్వాత అందులో ఎవరు సిమ్ వేసినా ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది.

ఫారం నింపడం మా అమ్మాయికి పావుగంట పని. దానికి కావలసినవి సమకూర్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. బిల్లు తీస్తే అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్ల కాగితం మిగిలింది. అటక మీద ఫోను డబ్బా ఉండబట్టి, దాని మీది స్టిక్కరులో రెండు నంబర్లూ దొరికాయి. పోయిన సిమ్ ఫోన్ నంబరుతోనే మళ్లీ సిమ్ తీసుకోవాలి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది. కొత్తగా ఇచ్చిన సిమ్‌కు 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మన నంబరు మీద మరొకరు సిమ్ తీసుకుని ఓటీపీలు పట్టుకోకుండా పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ ముందే తెలిసుంటే స్టేషన్‌కు వెళ్లకముందే సిమ్ తీసుకునేదాన్ని. మీరు అలా చేయండి. బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించడం అన్నిటికన్నా ముందు.

అర్జీ పెట్టిన మర్నాడే ఫోను ఆగిపోయినట్లు చూపించింది. 38వ రోజున స్టేషన్ నుంచి పిలుపొచ్చింది.

వెళ్తే అక్కడ బెంచీ మీద ఒక డిగ్రీ కుర్రాడు తల వంచుకుని కూర్చున్నాడు. నా ఫోను వాడి చేతిలో ఉంది. పది రోజుల క్రితం పక్క జిల్లాలో ఒక పాత ఫోన్ల దుకాణంలో 6,000కు కొన్నాడట. సిగ్నల్ రావడం లేదని మళ్లీ వెళ్లి అడిగితే సాఫ్ట్‌వేర్ సమస్య అన్నారట. "బిల్లు అడగలేదా బాబూ?" అన్నాను. "తర్వాత ఇస్తామన్నారు ఆంటీ" అన్నాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఆ 6,000 ఎవరి చేతికి పోయిందో అక్కడే ఈ దొంగతనం మొత్తం ఉంది. సంచి కోసినవాడికి నా ఫోను అక్కరలేదు, దాన్ని కొనేవాడు కావాలి. ఫోను జాగ్రత్త అని నాకు చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు. ఆ దుకాణం బల్ల దగ్గర అడిగేవాళ్లు ఒక్కరూ లేరు. ఫోను కొనేముందు పరీక్షించడానికి అరనిమిషం చాలు: స్టార్ హాష్ 06 హాష్ నొక్కితే నంబరు తెర మీద కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లిషులో రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు కొట్టి 14422కు పంపితే జవాబు వస్తుంది. కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు, ఫోన్లు అమ్మి బతికేవాళ్లకు తెలియకపోవడం ఏమిటి? 2025లో సవరించిన టెలికాం సైబర్ భద్రత నియమాల ప్రకారం, పాత ఫోన్లు కొని అమ్మేవారు నిషేధిత నంబర్ల జాబితా చూసే ఆ పని చేయాలి. నియమం సరైనది. దాన్ని దుకాణం బల్ల దాకా తీసుకెళ్లే బాధ్యత అధికారులది.

కంపెనీల వంతు కూడా ఉంది. యజమాని పాస్‌వర్డు లేకుండా ఫోనును మళ్లీ వాడుకోనివ్వని యాక్టివేషన్ లాక్‌ను యాపిల్ 2013లోనే తెచ్చింది. ఫోనును దూరం నుంచి పనికిరాకుండా చేసే ఏర్పాటు ఉండాలని కాలిఫోర్నియాలో 2015 జూలై నుంచి చట్టమే ఉంది. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లోనూ దొంగ లాక్కుని పరుగెత్తితే తెర దానంతటదే మూసుకునే సదుపాయం ఉంది. అలాంటివి సెట్టింగుల అడుగున దాచకుండా, డబ్బా విప్పగానే ఆన్ అయి ఉండాలి. ఐఎంఈఐ మార్చేవారికి 2023 టెలికాం చట్టంలో మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఫోనును విడిభాగాలుగా ఊడదీసి అమ్మితే మాత్రం ఏ జాబితాకూ చిక్కదు. వైఫై మీద నడిపినా చిక్కదు.

2025 చివర్లో సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో తప్పనిసరి చేయాలని ప్రభుత్వం ఆదేశించి, విమర్శలు రాగానే డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోవడమే నాకు సమ్మతం. నా ఫోనులో ఏముండాలో నేను నిర్ణయించుకుంటాను. తప్పనిసరి చేయవలసింది అమ్మేవాడి దగ్గర.

సేవకు నేను అయిదులో నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఫారం కోసం. మా వీధిలో కూరగాయలమ్మే అక్క ఎవరి సాయమూ లేకుండా నింపగలిగే ఫారం కాదది.

ఫోను ఇచ్చేముందు ఆ కుర్రాడు తన సిమ్ తీసుకోవాలన్నాడు. ట్రే తీసే పిన్ను స్టేషన్‌లో ఎవరి దగ్గరా లేదు. పనిలోంచి లేచి అలాగే వెళ్లానేమో, నా పైట అంచుకు గుండుసూది గుచ్చి ఉంది. తీసిచ్చాను. సిమ్ తీసుకుని, సూదిని రెండు చేతులతో నా చేతికి తిరిగిచ్చాడు.