రికార్డు చేసిన పాఠాలా, లైవ్ బ్యాచా: యూఎక్స్ రైటింగ్ కోర్సుకు ఏది మేలు?

యూఎక్స్ రైటింగ్‌ను, అంటే యాప్‌లలోని బటన్లు, సూచనలు, ఎర్రర్ మెసేజ్‌లు రాయడాన్ని, నేర్పే కోర్సును విదేశాల వారి కోసం తయారు చేయదలచినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: పాఠాలన్నీ ముందే రికార్డు చేసి అమ్మాలా, పదిహేను ఇరవై మందితో లైవ్ బ్యాచ్ నడపాలా? తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి నుంచి రెండు విధాలుగానూ నడిపి చూశాక, ఈ ఏడాది నుంచి నేను లైవ్ బ్యాచ్‌కే పరిమితమయ్యాను.

రికార్డెడ్ కోర్సుకు ఉన్న సౌలభ్యం చిన్నది కాదు. ఒకసారి పడిన శ్రమ ఏళ్ల తరబడి ఫలితమిస్తుంది. ఎక్కడి విద్యార్థి అయినా తనకు తీరిక దొరికిన వేళ పాఠం వినగలుగుతాడు. ఆన్‌లైన్ కోర్సులు అమ్మే వెబ్‌సైట్ ఉడెమీలో పెడితే, వారి ప్రచారం ద్వారా చేరిన విద్యార్థి చెల్లించే సొమ్ములో మనకు దక్కేది 37 శాతం. మన కూపన్‌తో చేరితే 97 శాతం. అంటే, తనకంటూ కొంతమంది పాఠకులను ముందే సంపాదించుకున్నవారికే అది బాగా గిట్టుబాటవుతుంది. మన కోర్సును మనమే అమ్ముకునే థింకిఫిక్ వంటి వేదికల్లో సొంత పేజీ పెట్టుకుంటే ప్రచార భారమంతా మనదే. ఈమెయిల్ పాఠాలు పరిచయానికి సరిపోతాయి, అంతే.

లైవ్ బ్యాచ్‌లో మొదటి కష్టం వేళ కుదరడం. నేను శనివారం రాత్రి 7.30కు క్లాసు పెడితే, చలికాలంలో బెర్లిన్‌లో మధ్యాహ్నం 3, న్యూయార్క్‌లో ఉదయం 9, జకార్తాలో రాత్రి 9 అవుతుంది. మన గడియారం ఏడాదంతా ఒకటే గానీ, అమెరికా మార్చి రెండవ ఆదివారం, ఐరోపా అదే నెల చివరి ఆదివారం గంట ముందుకు జరుపుతాయి. ఆ మధ్య వారాల్లో ఎవరో ఒకరు గంట తేడాతో రావడం తప్పదు కనుక, ప్రతి క్లాసు వేళనూ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) కూడా తెలియజేయడం మంచిది.

ఇంత ఇబ్బంది ఉన్నా నేను లైవ్ బ్యాచ్ వైపే మొగ్గడానికి కారణం దిద్దుబాటు. ఒక బ్యాచ్‌లో బస్సు టికెట్ ఫారానికి ఎర్రర్ మెసేజ్ రాయమన్నాను. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ఏమి చూపాలన్నది ప్రశ్న. బెర్లిన్ విద్యార్థిని ఇంగ్లిష్‌లో రాసిన వాక్యానికి అర్థం ‘సరైన ఇంటిపేరు నమోదు చేయండి’ అని. పొట్టిగా, మర్యాదగా ఉంది; కాగితం మీద చూసి ఉంటే మార్కులు వేసి ఊరుకునేదాన్ని. జకార్తా నుంచి చేరిన విద్యార్థి మాత్రం, తమ దేశంలో చాలామందికి ఒకే పేరు ఉంటుందని, వారు అక్కడ ఏమి రాయాలని అడిగాడు. మా చిత్తూరు వైపు ఎందరికో గుర్తింపు కార్డులో ఇంటిపేరుకు బదులు ఒక పొడి అక్షరమే ఉంటుందని, అది కూడా పేరుకు ముందే ఉంటుందని నేను చెప్పాను. నలభై నిమిషాల చర్చ తరువాత ఆ అమ్మాయి తన వాక్యాన్ని కొట్టివేసి, పేరు, ఇంటిపేరు గడులు రెండింటినీ ఒకటి చేసి, దాని పైన ‘మీ గుర్తింపు కార్డులో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్లు రాయండి’ అనే భావంతో కొత్త వాక్యం పెట్టింది. లోపం మాటలో కాదు, ఫారంలోనే ఉందని ఆ పూట అందరికీ అర్థమయింది.

ఇదే అంశంపై అంతకుముందు నేను రికార్డు చేసిన వీడియోలో, ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో, ఇప్పుడేమి చేయాలో చెప్పాలనే మూడు సూత్రాలు ఉన్నాయి. అవి నిజమే. అయితే విద్యార్థి తన వాక్యం ఎక్కడ తడబడిందో వాటిని విని తెలుసుకోలేడు. ఒకే సరైన జవాబు లేని విద్యకు క్విజ్ పెట్టి లాభం లేదు.

ఆ వీడియోలను నేను పారవేయలేదు. క్లాసుకు రెండు రోజుల ముందు చూసి రమ్మని పంపుతున్నాను. క్లాసు సమయమంతా విద్యార్థుల వాక్యాలకే దక్కుతోంది. ఉద్యోగం చేస్తూ వారం వారం బ్యాచ్ నడపలేనివారు రికార్డెడ్ కోర్సే ఎంచుకోవచ్చు. అలాంటప్పుడు ప్రతి విద్యార్థి రాసిన కనీసం ఒక స్క్రీన్‌నైనా తామే చదివి, వాక్యం వాక్యానికీ వ్యాఖ్య రాసి పంపాలని, ఆ శ్రమకు తగిన రుసుమును మొదటే ధరలో కలపాలని నా సూచన.