వెనక చెక్క అందమా, మెడ తిన్ననా? పాత గిటార్‌లో ఏది మేలు?

పాత గిటార్ బేరంలో మనిషిని పడగొట్టేది వెనక పలకే. అమ్మేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. ముందువైపు ఫోటో ఒకటి పెట్టి వెనకవైపువి మూడు పెడతారు, అవి కూడా చెక్క చారలు మెరిసేలా సాయంత్రం ఎండలో తీసినవి. తిరుపతిలో పాత గిటార్లకి కొదవ లేదు. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, ఊళ్ళో ఎస్వీ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ. చదువైపోయి ఊరు వదిలే పిల్లలు ఎండాకాలంలో కూలరు, సైకిలు, గిటారు కలిపి వచ్చిన కాడికి అమ్మేసి పోతారు. కొనేవాళ్ళకి అదే అదను.

పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివే మా మేనకోడలు అలాగే రెండు ఎంచి పెట్టుకుని, "ఏది తీసుకోమంటావు మామా?" అని అడిగింది. రెండూ చూసొచ్చాం. ఆ రెండిటినీ పక్కపక్కన పెడితే అసలు దేనికి డబ్బు పెట్టాలో తేలిగ్గా తెలుస్తుంది కాబట్టి వాటి మీదుగానే చెబుతాను.

మొదటిది బైరాగిపట్టెడలో. వెనక పలక రోజ్‌వుడ్. ముదురు చాక్లెట్ రంగు మీద ఊదా చారలు, నడుమ సన్నటి తెల్ల పట్టీ. పట్టీకి అటూ ఇటూ చారలు అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి సరిపోయాయి. ఒకే చెక్కను పలచగా రెండుగా చీల్చి, తెరిచి, అంచులు అతికిస్తే ఆ జోడీ వస్తుంది. మా పిల్ల దాన్ని తిప్పి పట్టుకుని, "చూడు మామా, పులి చారల మాదిరి ఎట్లుందో" అంది. ధర 13 వేలు. రెండోది కొర్లగుంటలో. వెనక మహాగని రకం చెక్క, చారా మెరుపూ లేని గోధుమ రంగు. బెల్టు బకిలు రాసుకున్న గీతలు, ముందు పలక మీద తీగలు మీటే పిక్ గీకిన మచ్చ. 8,500. ఫోటో చూసి దాన్ని ఎవరూ ఇష్టపడరు.

గిటార్‌లో శబ్దం పుట్టించేది ప్రధానంగా ముందు పలక. తీగల కదలిక, అవి కట్టి ఉండే బ్రిడ్జ్ అనే చెక్క ముక్క మీదుగా దానికి చేరి, అది గాలిని కదిలిస్తుంది. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ అనే గిటార్ తయారీదారు ఈ సంగతి నిరూపించడానికి 1862లో ఒక గిటార్‌కి వెనకా పక్కలా చెక్క బదులు అట్ట పెట్టి చేశాడు. ముందు పలక మాత్రం మంచి స్ప్రూస్ అనే చెక్క. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకాస్త పద్ధతిగా పరీక్షించారు. ఒకే కొలతల్లో, ఒకే రకం స్ప్రూస్ ముందు పలకతో ఆరు గిటార్లు చేయించి, వెనకా పక్కలా చెక్క మాత్రం మార్చారు: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలి, వాల్‌నట్. చెక్క కంటికి ఆనకుండా జాగ్రత్తలు తీసుకుని 52 మంది వాదకుల చేత వాయింపించి చూశారు. వాళ్ళు ఇచ్చిన మార్కులకీ, చెక్కల ఖరీదుకీ పొంతన కుదరలేదు.

వెనక చెక్కతో ఏ తేడా ఉండదని నేననను. రోజ్‌వుడ్ బరువైన చెక్క, ఘనమీటరుకి 830 కిలోల దాకా తూగుతుంది. మహాగని 600 లోపే. రోజ్‌వుడ్‌లో మంద్రం నిండుగా ఉంటుందనీ, మహాగని పొడిగా సూటిగా పలుకుతుందనీ వాదకులు చెప్పుకుంటారు. నా చెవికీ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంది, ముఖ్యంగా వెనక చెక్క ఏదో ముందే చూసి ఉంటే. కానీ తీగలు కొత్తవైతే వచ్చే తేడా ముందు అది ఏపాటిది?

పైగా ఆ చారలు ఎంత లోతున ఉన్నాయో చూడాలి. ఫోన్ టార్చి వేసి సౌండ్‌హోల్‌లోంచి, అంటే ముందు పలక నడుమ ఉండే గుండ్రటి రంధ్రంలోంచి, వెనక పలక లోపలివైపు చూడండి. బయట ఒక ముడి గానీ, వంకర చార గానీ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని లోపల సరిగ్గా అదే చోట వెతకండి. అది దొరికితే మొత్తం ఒకే చెక్క అనుకోవచ్చు. లోపల వేరే రంగో, వేరే గీతలో ఉంటే పైన అతికించింది కాగితమంత పలచటి రోజ్‌వుడ్ పొర, కింద ప్లైవుడ్. బైరాగిపట్టెడ గిటార్‌లో పులి చారలన్నీ పైపైనే, లోపల ఏ చారా లేని పాలిపోయిన చెక్క.

అయితే ప్లైవుడ్ వెనక పలక అంటే తిట్టు కాదు. యమహా ఎఫ్‌జీ 830లో కూడా రోజ్‌వుడ్ వెనక పలక పొరలదే, ముందు పలక మాత్రం సాలిడ్ (పొరలు లేని ఒకే చెక్క) స్ప్రూస్. మన ఊరి వాతావరణానికి పొరల పలకే ఒక రకంగా నయం. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండ, హాస్టల్ గదిలో ఏసీ, నవంబరులో గోడలు చెమర్చే వాన. ఒకే చెక్క పలక ఇన్ని మార్పులకి ముడుచుకుని, ఉబ్బి, ఒక్కోసారి పగులుతుంది. పొరల పలకలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి తట్టుకుంటుంది. పొర అని తెలిశాక ఒకే చెక్క ధర ఇవ్వకూడదు, అంతే.

సాలిడ్‌గా ఉండాల్సింది ముందు పలక. సౌండ్‌హోల్ అంచు చూస్తే తెలిసిపోతుంది. పైన కనబడే సన్నటి నిలువు గీతలు అంచు మందంలోకి కూడా దిగితే సాలిడ్. అంచులో మూడు పొరలు కనబడితే ప్లైవుడ్. కొర్లగుంట గిటార్‌లో గీతలు చక్కగా లోపలికి దిగాయి. మచ్చలున్నా సాలిడ్ టాపే. రోజ్‌వుడ్ గిటార్‌కి అంచంతా నల్ల రంగు పూసి ఉంది. అలా పూస్తే నాకు అనుమానమే. గోరుతో కాస్త గీకితే పొరలు బయటపడ్డాయి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, ఇది తిరుపతి కాబట్టి. ఎర్రగా కనబడే ఏ చెక్కనైనా "ఎర్రచందనం సార్, శేషాచలందే" అని గుసగుసగా చెప్పేవాళ్ళు తగులుతారు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ చేయడానికి ఎర్రచందనం మేలైనదని వాడతారు, అది నిజమే. కానీ గిటార్ వెనక అది ఉందని చెప్పేవాడి మాట నూటికి నూరుపాళ్ళు రంగు నీళ్ళనే అనుకోండి. ఒకవేళ నిజమే అయితే ఇంకా ప్రమాదం. అటవీ శాఖ కాగితాలు లేకుండా ఆ చెక్క ఇంట్లో పెట్టుకుంటే కేసు. ఎటుచూసినా మనకొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, మెడ. ఆరు స్టీలు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు 70 కేజీల పైచిలుకు బలంతో మెడను ముందుకు లాగుతుంటాయి. రాత్రీ పగలూ, ఏళ్ళ తరబడి. దానికి తోడు ఎండలో ఆపిన కారు డిక్కీలో రెండు మధ్యాహ్నాలు పడి ఉంటే లోపలి జిగురు మెత్తబడి, మెడ ఒంట్లో కలిసే చోట కోణం మారిపోతుంది. ముందు పలక బ్రిడ్జ్ వెనక బొజ్జలా ఉబ్బుతుంది. ఇవి ఏ ఫోటోలోనూ కనబడవు.

స్కూలు పిల్లల స్టీలు స్కేలు ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు. పన్నెండో ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైభాగం నుంచి లావు తీగ అడుగుదాకా ఎంతుందో కొలవండి. 2.5 మిల్లీమీటర్లు హాయి, 3 దాకా సర్దుకోవచ్చు. సన్న తీగ దగ్గర 2 ఉంటే చాలు. బైరాగిపట్టెడలో లావు తీగ కింద 4 వచ్చింది. మా పిల్ల ఒకే వేలితో తీగలన్నీ నొక్కాల్సిన ఎఫ్ కార్డు పట్టబోయి వేళ్ళు విదిలించుకుంది.

"అదేముందన్నా, ట్రస్ రాడ్ తిప్పితే దిగిపోతుంది" అన్నాడు అమ్మే అబ్బాయి. వాడు అబద్ధం చెప్పాడని కాదు, చాలామంది నమ్మేది అదే. ట్రస్ రాడ్ మెడ లోపలి ఇనుప కడ్డీ, అది మెడ వంపును సరిచేస్తుంది. మెడ కోణం దాని చేతిలో లేదు. వంపు వేరుగా చూసుకోవచ్చు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంట్లో కలిసే చోటా నొక్కిపట్టి, నడుమ ఆరేడు ఫ్రెట్ల దగ్గర సందు చూడాలి. పలచటి విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. ఈ గిటార్‌లో అది బాగానే ఉంది. అంటే ఎత్తు వంపు వల్ల వచ్చింది కాదు, కోణం వల్ల వచ్చింది. కడ్డీ తిప్పి లాభం లేదు.

మరి సాడిల్ అరగదీస్తే? బ్రిడ్జ్ మీద తీగలు ఆనే తెల్ల పట్టీ అది. దాన్ని 2 మిల్లీమీటర్లు తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర 1 తగ్గుతుంది. 4ని 2.5కి తేవాలంటే 3 మిల్లీమీటర్లు అరగదీయాలి. ఆ గిటార్‌లో సాడిల్ బ్రిడ్జ్ పైకి లేచి ఉన్నదే ఒకటిన్నర. ఇదివరకే ఎవరో అరగదీసేశారన్నమాట. మిగిలిన దారి మెడ ఊడదీసి కోణం సరిచేసి మళ్ళీ బిగించడం. బాగా ఖరీదైన గిటార్‌కైతే ఆ ఖర్చు తగుతుంది. మామూలు గిటార్లలో మెడను గట్టి జిగురుతో అతికించేస్తారు, ఊడదీయబోతే మిగతాది కూడా పాడవుతుంది.

కొర్లగుంట గిటార్ 2.6 చూపించింది. సాడిల్ ఇంకా 3 మిల్లీమీటర్లు పైకి ఉంది, ముందుముందు తగ్గించుకోవడానికి జాగా ఉంది. దాని లోపం ఫ్రెట్లలో. మొదటి మూడింటి మీద తీగలు నొక్కీ నొక్కీ గుంతలు పడ్డాయి. వీణకి మెట్లు అరిగితే మళ్ళీ మేళం కట్టించుకున్నట్టు గిటార్‌కీ ఫ్రెట్లు అరగదీసి సమం చేయించుకోవచ్చు, మార్పించుకోవచ్చు. ఇది చేసిపెట్టేవాళ్ళు దొరుకుతారు. ట్యూనింగ్ కీలు వదులైతే మారతాయి, తీగలు ఎలాగూ మారుస్తాం. ప్రతి తీగా ప్రతి ఫ్రెట్‌లోనూ ఒక్కొక్కటిగా వాయించి చూశాం. ఒకే చోట కాస్త గరగర, అదీ ఆ గుంతల దగ్గరే. వెనక పలక మీద వేలి కణుపుతో తట్టుకుంటూ పోతే లోపల పలకకి అతికించిన చెక్క కమ్మీ ఊడితే గలగల మోగుతుంది. అదేమీ లేదు. చిన్న రంధ్రాలు, కింద మెత్తటి పొడి ఉంటే మాత్రం చెక్క పుచ్చిందని, అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయాలి.

మూడో దారి కొత్తది కొనడం. రెండిటి ధరల మధ్యే పొరల ముందు పలకతో కొత్త గిటార్ వస్తుంది. వారంటీ ఉంటుంది, ఎవరి చెమటా అంటి ఉండదు. తోడు వచ్చి చూసిపెట్టేవాళ్ళు లేకపోతే నేను కొత్తదే కొనమంటాను. ఒకరోజు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్తే 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ లాంటి చోట వరుసగా వాయించి చూసుకోవచ్చు కూడా. కానీ ఆ డబ్బుకి సాలిడ్ టాప్ ఎక్కువగా పాతవాటిలోనే దొరుకుతుంది. కొన్నేళ్ళు వాయించిన స్ప్రూస్ బాగా విచ్చుకుంటుందని అంటారు. దానికోసం ఎక్కువ డబ్బు ఇవ్వను గానీ, ఊరికే వస్తే కాదనను.

మరి అందానికి విలువే లేదా అంటే, ఉంది. మెడ, ముందు పలక, ఫ్రెట్లు రెండిటిలోనూ సమానంగా ఉండి, తేడా వెయ్యో రెండువేలో అయితే నేను కళ్ళు మూసుకుని రోజ్‌వుడ్‌దే తీసుకుంటాను. గోడకి తగిలించి ఉన్నప్పుడు చేయి దానంతట అదే పోతుంది, వాయించే పూటలు పెరుగుతాయి. నేర్చుకునేవాళ్ళకి అది చిన్న లాభమేమీ కాదు. బైరాగిపట్టెడ గిటార్ ధర 4 వేలకి దిగినా నేను వద్దనే చెప్పేవాణ్ణి. వాయించేది మా పిల్ల, ఆ ఎత్తులో ఎఫ్ కార్డు పట్టలేక నెలలో మూలన పెట్టేస్తుంది.

మా పిల్ల దారంతా మాట్లాడలేదు. కొర్లగుంట ఇంట్లో పెద్దాయనకి ఫ్రెట్ల గుంతలు టార్చి వేసి చూపించి, సమం చేయించడానికి అయ్యే ఖర్చు చెబితే, "సరే సామీ, ఏడున్నర ఇచ్చి తీసుకుపోండి, సంచి కూడా మీదే" అన్నాడు. తీగలు కాస్త లావైన 12 సైజువి తీసేసి సన్నటి 11వి వేయించాం. లేత వేళ్ళకి తేలిక, మెడ మీద లాగుడూ తగ్గుతుంది. వెనక పలకకి పులి బొమ్మ స్టిక్కరు అంటిస్తానంటోంది. అంటించుకోనీ, వెనకే కదా.