ఆయిల్ ప్రెషర్ గేజ్: పికప్‌లో ఏళ్ల వాడకం తర్వాత

2.5 లీటర్ల డీజిల్ పికప్‌కి బయట కొని బిగించిన మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్ ఇది, అంటే ఇంజిన్ ఆయిల్‌నే సన్నటి పైపులో డయల్ దాకా తెచ్చి ప్రెషర్ చూపించే రకం. బండి ఎక్కువగా తిరిగేది విజయనగరం–సాలూరు రోడ్డులో. అప్పుడప్పుడు పలాస జీడిపప్పు లోడు, సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ కూడా ఉంటాయి. ముందే చెప్పేస్తున్నా, గేజ్ బంగారం, దాంతోపాటు వచ్చే నైలాన్ పైపు మాత్రం దండగ.

కంపెనీ ఇచ్చిన ఎర్ర ఆయిల్ లైటు ఉండగా ఇదెందుకంటారా? ఆ లైటు స్విచ్ చాలా బళ్లలో ప్రెషర్ 0.3–0.5 కేజీకి (చదరపు సెంటీమీటరు మీద) పడిపోతే గానీ పనిచేయదు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, కేజీన్నర ఉండాల్సిన ఇంజిన్ ముప్పావు కేజీకి దిగజారినా లైటు వెలగదు. అది వెలిగేసరికి బేరింగులు గీతలు పడి ఉంటాయి.

డయల్ మీద రెండు కొలతలుంటాయి. 1 కేజీ అంటే 14.2 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మన మెకానిక్‌లందరూ కేజీల్లోనే మాట్లాడతారు. 15డబ్ల్యూ40 గ్రేడు ఆయిల్‌తో ఈ బండిలో పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేస్తే ముల్లు 4.5–5 దగ్గర నిలబడుతుంది. బాగా వేడెక్కాక స్లోలో 1.2–1.5, 2000 ఆర్పీఎం దగ్గర 3–3.5. వేరే బండికి వేరే లెక్కలు ఉంటాయి, సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. అది దొరక్కపోతే ప్రతి 1000 ఆర్పీఎంకి కనీసం 10 పీఎస్‌ఐ, అంటే సుమారు 0.7 కేజీ అనే పాత లెక్క ఉంది. మోటు లెక్కే అయినా పాత ఇంజిన్లకు సరిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. చల్లటి ఇంజిన్‌లో ముల్లు పైన ఉందని సంబరపడతారు. చిక్కటి ఆయిల్‌ని ఏ పంపు తోసినా ముల్లు లేస్తుంది. పంపు ఇచ్చేది ఆయిల్ ధార మాత్రమే, ప్రెషర్ పుట్టేది బేరింగుల సందు దగ్గర. నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టినట్టన్నమాట. సందు అరిగి పెద్దదైతే ముల్లు మొదట దిగేది వేడి మీద, స్లోలో. అందుకని నోట్ చేసుకోవాల్సిన రీడింగ్ అదొక్కటే. నీళ్ల టెంపరేచర్ మామూలుకి రాగానే చూస్తే లాభం లేదు, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది. లోడుతో 20 నిమిషాలైనా నడిచాక చూడాలి. మే నెలలో ఘాట్ ఎక్కేటప్పుడు అదే ఆర్పీఎంలో అర కేజీ తక్కువ చూపిస్తుంది, అది మామూలే. దిగి చల్లబడ్డాక కూడా తిరిగి రాకపోతేనే ఆలోచించాలి.

ముల్లు తీరుని బట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. స్లోలో తక్కువ, రేస్ చేస్తే సరిగ్గా లేస్తోందంటే బేరింగుల అరుగుదల కావచ్చు, లేదా ఆయిల్ పలచబడి ఉండొచ్చు. ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. లెవెల్ పెరిగి డీజిల్ కంపు కొడితే ఇంజెక్టర్ కారుతోంది, లేదా డీజిల్ పంపు సీల్ పోయింది. ఇంజిన్ విప్పే ముందు ఈ చెకింగ్ తప్పనిసరి. స్లోలో బాగుండి, రేస్ పెంచే కొద్దీ పడిపోతే చాంబర్‌లోని (ఇంజిన్ అడుగు ఆయిల్ తొట్టిలోని) జాలీ మడ్డితో మూసుకుపోయిందని అనుమానించాలి. ఆయిల్ గుర్తుకి మించి పోసినా క్రాంక్ చిలికి నురుగు తెప్పిస్తుంది, అప్పుడు ముల్లు నిలకడగా ఉండదు. మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు ముల్లు గబుక్కున పడి లేస్తే ఆయిల్ లెవెల్ తక్కువ. ఎప్పుడూ విపరీతంగా పైనే ఉంటే అదీ మంచిది కాదు. ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ మూసుకుని ఇరుక్కుంటే ఫిల్టర్ సీల్ తన్నేస్తుంది.

స్టార్ట్ చేశాక ఐదారు సెకన్లలో ముల్లు కదలకపోతే వెంటనే ఆపేయాలి. ఫిల్టర్ మార్చిన రోజు కొంచెం ఆలస్యమవుతుంది. నిలువుగా బిగించే ఫిల్టరైతే ముందే సగం ఆయిల్ నింపి పెడితే ఆ బాధ ఉండదు. రోజూ పొద్దున్న ముల్లు నెమ్మదిగా లేస్తోందంటే ఫిల్టర్ లోపలి రబ్బరు వాల్వ్ ఆయిల్‌ని కిందికి జార్చేస్తోంది. చౌక ఫిల్టర్లలో ఇది ఎక్కువ.

ఇక బిగింపు. ఆయిల్ స్విచ్ విప్పి ఇత్తడి టీ జాయింట్ వేసి, ఒకవైపు పాత స్విచ్, ఇంకోవైపు గేజ్ పైపు పెడతారు. స్విచ్ మాత్రం తీసేయకండి, లైటు ఉండాల్సిందే. మర అసలు సమస్య. కొన్ని బళ్లకు 1/8 టేపర్ (కొన వైపు సన్నబడే) మర, కొన్నిటికి 10×1 మిల్లీమీటర్ల మర. తప్పు మర రెండు చుట్లు తేలిగ్గా ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ స్పానర్‌తో బలం పెడితే అల్యూమినియం హౌసింగ్ మర పోయి లేత్‌కి వెళ్లాల్సిందే. బరువైన టీని నేరుగా ఇంజిన్‌కి వేలాడదీసినా అదురుకి మెడ దగ్గర చిట్లుతుంది. పొట్టి ప్రెషర్ హోస్ వేసి టీని బ్రాకెట్‌కి కట్టడం మేలు.

కిట్‌లోని నైలాన్ పైపు సైలెన్సర్ వేడికి గట్టిపడి పగులుతుంది. పగిలేది క్యాబిన్‌లో అయితే మరిగే ఆయిల్ కాళ్ల మీదే. రాగి పైపు వేసి, ఇంజిన్ అదురు తట్టుకునేలా రెండు చుట్లు స్ప్రింగులా తిప్పాలి. క్యాబిన్‌లోకి వెళ్లే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ పెట్టాలి. ఇంజిన్ వైపు సన్నటి బెజ్జం ఉన్న జాయింట్ వేస్తే పైపు తెగినా ఆయిల్ నెమ్మదిగా పోతుంది, ముల్లు వణుకూ తగ్గుతుంది. గేజ్ ధరలో కాస్త మిగుల్చుకున్నా పర్లేదు, ఈ ఇత్తడి సామాను దగ్గర బేరం ఆడకండి.

నచ్చనివి: రాత్రి డయల్ లైటు మసకగా ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు వైపు చేపల లోడుకి తిరిగే బళ్లలో ఉప్పుగాలికి రింగు తుప్పు పట్టి, అద్దం లోపల ఆవిరి పడుతుంది. ఎలక్ట్రికల్ గేజ్‌లో ఆయిల్ క్యాబిన్‌లోకి రాదు గానీ, ఇంజిన్‌కి బిగించి ప్రెషర్ కొలిచే సెండర్ తన మరమీదుగానే ఎర్త్ అవుతుంది. తుప్పుతో లేదా టెఫ్లాన్ టేప్ దట్టంగా చుట్టడంతో ఎర్త్ పోతే రీడింగ్ అబద్ధమే. 10–180 ఓమ్‌ల సెండర్‌కి 240–33 ఓమ్‌ల గేజ్ కలిపితే ముల్లు తిరగబడి చూపిస్తుంది.

ఈ గేజ్ చెప్పలేనిది ఒకటుంది, ఆయిల్ మార్చే టైం. మసితో చిక్కబడ్డ పాడు ఆయిల్ కూడా ప్రెషర్ బాగానే చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్లు ఇంకా చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోసి అరుగుదల కప్పిపుచ్చేదీ ఇందుకే. కొనేటప్పుడు పది కిలోమీటర్లైనా తోలి, వేడి మీద స్లోలో చూపించమనండి.

వారంటీలో ఉన్న కొత్త బండికి ఇది పెట్టించొద్దు. ఆయిల్ లైన్‌లో వేలు పెడితే క్లెయిమ్ దగ్గర పేచీ రావొచ్చు. పైగా కొన్ని కొత్త ఇంజిన్లలో అవసరాన్ని బట్టి ప్రెషర్ తగ్గించుకునే పంపులున్నాయి. వాటికి 1000 ఆర్పీఎంకి 10 పీఎస్‌ఐ లెక్క వర్తించదు.