ఎమన్స్ వరుసా, డే వరుసా: ఎడమ పాదానికి ఏది హాయి?

పెడల్ స్టీల్ గిటార్ అంటే పెడల్స్‌తో, మోకాలి లీవర్లతో తీగల శ్రుతి మార్చే వాయిద్యం. అందులో డబుల్ నెక్ (రెండు వరుసల తీగలున్న) రకంలో కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీదే ఉంటుంది, కింది పెడల్స్ అన్నీ ఎడమ పాదానివే. మామూలుగా 8 ఉంటాయి, అందులో ఎడమ చివరి 3 ఈ9 (E9) అనే శ్రుతిలో ఉండే నెక్‌వి. తేడా అంతా ఈ మూడింటి వరుసలోనే. స్టీల్ గిటార్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ పేరుతో ఉన్నదాంట్లో ఎడమ నుంచి ఏ, బి, సి. మరో వాద్యకారుడు జిమ్మీ డే పేరుతో ఉన్నదాంట్లో సి, బి, ఏ.

ఏ, బి కలిపి తొక్కి, తర్వాత బి వదిలి ఏ ఒక్కటే ఉంచాలంటే ఎమన్స్‌లో పాదం బయటి అంచు మీదికి వాలుతుంది, ఈ (E) స్వరం తీగల్ని ఎఫ్ (F) స్వరానికి పెంచే మోకాలి లీవర్‌ని కూడా సాధారణంగా ఎడమకే నెట్టాలి కాబట్టి కాలంతా ఒకే వైపు సాఫీగా కదులుతుంది. డేలో పాదం లోపలికి వాలుతుంది, అందుకే చాలామంది ఆ లీవర్‌ని కూడా కుడికి మార్చుకుంటారు. పెడల్స్ మాత్రమే తిప్పి లీవర్ అలాగే వదిలేస్తే మోకాలు ఒకవైపు, పాదం ఒకవైపు లాగుతాయి, అది నిజంగా నొప్పి.

కొత్తవాళ్లయితే ఎమన్స్ తీసుకోండి, ఎక్కువ గిటార్లు అలాగే వస్తాయి. చీలమండ బయటికి వాల్చితే నొప్పి పుట్టేవాళ్లు మాత్రం మొహమాటపడకుండా డేకి వెళ్లండి. కొనేముందు మీ సీటు ఎత్తులోనే కూర్చుని, వాయించేటప్పుడు వేసుకునే బూట్లతోనే తొక్కి చూడండి.