పెళ్ళినాటి సైజుకు వెళ్ళాలంటే ఏది మేలు: నడకా, అన్నం మానడమా, ఇంజెక్షనా, బరువులెత్తడమా?

నలభై ఐదు దాటినవాళ్ళు నలుగురు కూర్చుంటే మాట అటు తిరిగీ ఇటు తిరిగీ ఇక్కడికే వస్తోంది. 'పెళ్ళప్పుడు 58 కిలోలు ఉండేవాణ్ణి, ఇప్పుడు 76' అంటారు ఒకరు. మళ్ళీ ఆ సైజుకు వెళ్ళాలంటే ఏం చెయ్యాలి? నడక చాలా, అన్నం మానెయ్యాలా, జిమ్‌లో చేరాలా, లేదంటే అందరూ చెప్పుకుంటున్న ఆ బరువు తగ్గించే ఇంజెక్షన్ తీసుకోవాలా? విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఒక్కచోట రాస్తున్నాను. నాకూ యాభై దగ్గరపడుతోంది, నేనూ ఈ మధ్యే వీటిలో ఒకటి ఎంచుకున్నాను. అందుకని నా మొగ్గు ఎటో తెలిసిపోతుంది, దాచడం లేదు.

దారుల సంగతికి ముందు, పాత సైజు అంటే బరువా, నడుమా అన్నది తేల్చుకోవాలి. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీలో షుగర్ వ్యాధి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ప్రొఫెసర్ రాయ్ టేలర్ 2021లో ఒక మాట అన్నారు: 21 ఏళ్ళప్పటి ప్యాంటు ఇప్పుడు పట్టకపోతే మీకు షుగర్ వచ్చే ముప్పు ఉన్నట్టే అని. లావుగా లేకపోయినా షుగర్ వచ్చిన 20 మందితో ఆయన బృందం బరువు తగ్గించి చూసింది. ఒక్కొక్కరూ ఒంటి బరువులో పదో వంతు దాకా తగ్గేసరికి 14 మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. ఆయన కొలత బరువు కాదు, నడుము. అదే నాకూ నచ్చింది.

మనకున్న చిక్కేమిటంటే మన బట్టలు సైజు చెప్పవు. చీర, పంచె, లుంగీ, బొందు పైజమా, ఎలాస్టిక్ లెగ్గింగ్ అన్నీ మనతోపాటు సర్దుకుపోతాయి. ఆడవాళ్ళకు టైలర్‌కిచ్చే ఆది జాకెట్టు ఒక్కటే కాస్త నిజం చెబుతుంది. మగవాళ్ళయితే 'నాది ఇప్పటికీ 34 ప్యాంటే' అంటారు. అది బొజ్జ కిందికి జారిన 34. పైగా రెడీమేడ్ బట్టల మీద రాసే నంబరుకూ అసలు కొలతకూ పొంతన ఉండని బ్రాండ్లు బోలెడు. అందుకని టేపు తీసుకుని, పొట్ట లోపలికి లాక్కోకుండా, బొడ్డు దగ్గర కొలవండి. భారతీయులకు వాడే హద్దు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. ఇంకా సులువుగా కావాలంటే, నడుము చుట్టుకొలత మీ ఎత్తులో సగం దాటకూడదు.

బరువును ఎందుకు నమ్మనో కూడా చెప్పాలి. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యూడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మన పుణె ఆయనకు 21.2 శాతం. కాటా ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది. మనవాళ్ళలో చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే ఉన్నవాళ్ళు కొల్లలు. వాళ్ళను చూసి 'మీరేం లావు లేరు కదండీ' అనడం మనకు అలవాటు.

దీనికి వయసు తోడవుతుంది. ముప్పై దాటాక పదేళ్ళకోసారి కండ 3 నుంచి 8 శాతం దాకా కరుగుతుందని లెక్క. పాతికేళ్ళప్పుడు 58 కిలోల్లో ఉన్న కండ యాభైలో 58 కిలోలకు దిగినా ఉండదు. అప్పటి అంకె వస్తుంది గానీ అప్పటి ఒళ్ళు రాదు. కాబట్టి అన్ని దారుల్నీ నేను ఒకే ప్రశ్నతో తూచాను: తగ్గిన పది కిలోల్లో కొవ్వెంత, కండ ఎంత? ఎంత త్వరగా తగ్గారన్నది నాకు తర్వాతి విషయం.

నడకతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. గుండెకు, షుగర్‌కు, నిద్రకు, మనసుకు దానంత మంచిది లేదు. భోజనం చేశాక పది నిమిషాలు నడిచినా షుగర్ పెరగడం తగ్గుతుంది. కానీ సైజు తగ్గించే పనికి నడక ఒక్కటే చాలదు. 75 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు నడిస్తే అటూ ఇటూగా 250 నుంచి 300 కేలరీలు ఖర్చవుతాయి. గ్రౌండ్ గేటు బయట బండి మీద ఒక మసాలా దోశ తింటే ఆ లెక్క చెల్లు. ఏళ్ళ తరబడి పొద్దున్నే బృందంగా నడుస్తూ అదే బొజ్జతో ఉన్నవాళ్ళు ప్రతి ఊరి గ్రౌండ్‌లోనూ కనిపిస్తారు. నడక మానమని కాదు, దాని మీద మోయలేని బాధ్యత పెట్టొద్దని.

ఇక అన్నం మానడం. మనదగ్గర దీని మొదటి రూపం 'రాత్రిపూట అన్నం మానేశానండీ, టిఫినే'. ఆ టిఫిన్ ఇడ్లీనో దోశో ఉప్మానో అయినప్పుడు మానిందేమిటో నాకెప్పుడూ అర్థం కాదు. రెండో రూపం చిరుధాన్యాలు. కొర్రలు, సామలు మంచివే, పీచు ఎక్కువ. కానీ అన్నం తిన్నంత కొర్రన్నం తింటే నడుము కదలదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా చేసిన ఇండియాబ్ సర్వే వివరాలు 2025లో వచ్చాయి. మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే. తెల్లన్నం స్థానంలో గోధుమలో చిరుధాన్యాలో పెట్టి మొత్తం పిండిపదార్థాన్ని తగ్గించకపోతే షుగర్ ముప్పు తగ్గలేదు. అందులో కొంత తీసేసి ఆ చోట పప్పో పెరుగో పెడితే తగ్గింది. నాకు కావలసిన జవాబు అందులోనే ఉంది: అన్నం తీసిన చోట ఏం పెడుతున్నారన్నదే ముఖ్యం.

మూడో రూపం పిండిపదార్థాల్ని పూర్తిగా మానేసి కొవ్వు మీద బతకడం. కొబ్బరినూనె తాగే డైట్ మన జిల్లాల్లో ఎంత ఊపు ఊపిందో తెలిసిందే. తగ్గుతారు, అనుమానం లేదు. మొదటి రెండు వారాల్లో పోయేది మాత్రం చాలావరకు నీళ్ళే. కండల్లో, లివర్‌లో దాచుకున్న చక్కెర నిల్వ (గ్లైకోజెన్) ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీళ్ళను పట్టి ఉంచుతుంది, అది ఖర్చవుతుంటే నీళ్ళూ పోతాయి. 'వారంలో నాలుగు కిలోలు' వెనక ఉన్న రహస్యం అదే. అసలు కష్టం తర్వాత వస్తుంది. శ్రావణమాసం వాయనాలు, పెళ్ళిళ్ళు, సంక్రాంతి అరిసెలు. ఏడాదంతా విస్తరి ముందు 'నాకొద్దు' అనడం మన చుట్టాల మధ్య ఎవరి తరమూ కాదు. ఒకసారి గీత దాటితే మళ్ళీ మొదటికే. షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా అన్నం ఒక్కసారిగా మానితే షుగర్ పడిపోయి ప్రమాదం కూడా.

ఇంజెక్షన్ గురించే ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నారు. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇవి బూటకం కాదు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో 68 వారాల్లో సగటున 15 శాతం దగ్గరగా బరువు తగ్గారు. బీఎంఐ 30 దాటినవాళ్ళకు, లేదా 27 దాటి షుగరో బీపీయో ఉన్నవాళ్ళకు డాక్టర్ చూసి రాయాల్సిన మందు ఇది. అలాంటివాళ్ళకు నేను వద్దని చెప్పను, చెప్పకూడదు కూడా. వాళ్ళది సైజు గొడవ కాదు, జబ్బు. కానీ కొడుకు పెళ్ళికి సన్నబడాలని పది కిలోల కోసం తీసుకునేవాళ్ళతో నా వాదన వేరు. ఆకలి చచ్చిపోయాక మనిషి అన్నం తగ్గిస్తాడు, దాంతోపాటు పప్పు, గుడ్డు కూడా తగ్గిస్తాడు. తగ్గిన బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కానిదే ఉండొచ్చని ఇలాంటి మందుల పరీక్షల్లో తేలింది. ఆపేస్తే? ఆ ట్రయల్‌లోనే మందు ఆపి ఏడాది చూస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు కొవ్వు దానంతటదే వస్తుంది, కండ అంత సులువుగా రాదు. ఎప్పటికీ వాడుకోగలిగే స్తోమత, వికారం, మలబద్ధకం ఓర్చుకునే ఒళ్ళు ఉన్నా సరే, పక్కన బరువులెత్తడం లేకుండా దీన్ని తీసుకోవడం నాకు సబబుగా అనిపించదు.

చివరి దారి, నేను పట్టుకున్నది, బరువులెత్తడం. దీనికి మూడు అభ్యంతరాలు రోజూ వింటాను. 'వయసొచ్చింది, మెటబాలిజం పడిపోయింది, ఇప్పుడేం లాభం' అన్నది మొదటిది. మెటబాలిజం అంటే ఒళ్ళు శక్తిని ఖర్చుచేసే వేగం. 2021లో సైన్స్ పత్రికలో 29 దేశాల నుంచి ఆరు వేలకు పైగా మనుషుల లెక్కలు వచ్చాయి. ఒంటి పరిమాణాన్ని సరిచేసి చూస్తే, 20 నుంచి 60 ఏళ్ళ మధ్య మెటబాలిజం దాదాపు నిలకడగానే ఉంటుంది, అరవై దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. నలభైల్లో పొట్ట వచ్చింది మెటబాలిజం వల్ల కాదు. కదలిక తగ్గి, కండ తగ్గి, కంచం మాత్రం తగ్గకపోవడం వల్ల. ఆడవాళ్ళ విషయంలో ఇంకో మాట చేర్చాలి. మన దేశంలో నెలసరి ఆగే సగటు వయసు 46–47. ఆ ముందూ వెనకా కొవ్వు తుంటి వదిలి పొట్టకు చేరుతుంది. తిండి మారకపోయినా జాకెట్టు బిగుతవుతుంది. అది వాళ్ళ నిర్లక్ష్యం కాదు. కానీ అప్పుడే ఎముకలు కూడా పలచబడతాయి కాబట్టి బరువులెత్తాల్సిన అవసరం మగవాళ్ళకంటే వాళ్ళకే ఎక్కువ.

రెండో అభ్యంతరం, జిమ్ అంటే కుర్రాళ్ళది, సిగ్గు. జిమ్ అక్కర్లేదు. మన అమ్మమ్మ తరం కింద కూర్చుని తిని, చేతులు ఆనించకుండా లేచేది. నీళ్ళ బిందెలు మోసేది. మనం డైనింగ్ టేబుల్, వెస్టర్న్ టాయిలెట్, మోటారు, లిఫ్ట్ పెట్టుకుని ఆ పనులన్నీ వదిలించుకున్నాం. వాటినే మళ్ళీ పూనుకుని చెయ్యడం: కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచి కూర్చోవడం, మోకాళ్ళు ఒప్పుకుంటే గుంజీలు, గోడకానుకుని పుష్‌అప్‌లు, నీళ్ళ బాటిళ్ళు, తర్వాత డంబెల్స్. వారానికి రెండు రోజులు కండకు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో కూడా ఉంది, నడక పక్కనే. ముఖ్యం ఏమిటంటే సులువైన కొద్దీ బరువు పెంచుతూ పోవాలి. ఆరు నెలలు అదే రెండు కిలోల డంబెల్ ఊపుతుంటే కండకు కబురందదు. బీపీ మందులు వాడేవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు డాక్టర్‌కు ఒక మాట చెప్పి మొదలుపెట్టాలి.

మూడోది తిండి: 'పప్పన్నం తింటూనే ఉన్నాం కదా' అని. మనం చెప్పుకోవడం పప్పన్నం అనే గానీ కంచంలో పప్పు తక్కువ, అన్నం ఎక్కువ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. సన్నబడుతూ కండ నిలుపుకోవాలంటే ఇంకాస్త ఎక్కువే. గరిటెడు పలచని పప్పులో ఐదారు గ్రాములు ఉంటే గొప్ప. ఒక గుడ్డులో ఆరు, పెద్ద గ్లాసు పాలలో ఎనిమిది. అందుకే మా ఇంట్లో అన్నం సగానికి దించి, పప్పు గట్టిగా వండించి, దాంతో గుడ్లో చేపో మీల్ మేకరో పెడుతున్నాం. రాత్రి దోశ బదులు పెసరట్టు. పూర్తి శాకాహారులకు కొంచెం కష్టమే గానీ సాధ్యమే. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

ఈ దారిలో లోపం ఉంది. కాటా మీద చాలా నిదానం. రెండు మూడు నెలలు అంకె కదలక చిరాకు పుడుతుంది. నడుము టేపు మీదే తేడా కనిపిస్తుంది. నాకు బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వెళ్ళింది గానీ బరువు చూస్తే చెప్పుకునేంత ఏమీ తగ్గలేదు. 'ఏమైనా తగ్గావా?' అని అడిగే చుట్టాలకు చూపించడానికి అంకె లేదు. అది తట్టుకోలేనివాళ్ళు అన్నం తగ్గించే పని కాస్త గట్టిగా చేసి, దాంతో వారానికి రెండు రోజుల బరువులు కలుపుకోవచ్చు. నిజానికి ఈ రెండూ కలిస్తేనే పని. ఒట్టి బరువులతో కంచం మారకపోతే పొట్ట పొట్టలాగే ఉంటుంది, లోపల కండ పెరిగినా.

మిగతావి: భోజనం బదులు తాగే షేక్ పౌడర్లు తాగినన్నాళ్ళే పనిచేస్తాయి. చెమట పట్టించే బెల్టులు నీళ్ళు తప్ప ఏమీ తీయవు. సర్జరీ బాగా ఎక్కువ బరువున్నవాళ్ళది, ఈ చర్చలోకి రాదు.

అరవై ఐదు దాటినవాళ్ళు అడిగితే మాత్రం నా జవాబు మారుతుంది. ఆ వయసులో పెళ్ళినాటి సైజు మాట వదిలెయ్యండి, డాక్టర్ చెప్తే తప్ప బరువు తగ్గించే ప్రయత్నమే వద్దు. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, పప్పూ పాలూ తగ్గకుండా చూసుకోవడం, అంతే. ఏ ప్రయత్నమూ చెయ్యకుండా నాలుగైదు నెలల్లో బట్టలు వదులైపోతే సంతోషించకుండా వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.